ఐదు వారాల పుడ్డింగు, తెల్లవారుజాము పోగు

డిసెంబరు 25 ఉదయం లండన్‌లో భూగర్భ రైలు నడవదు, ఎర్రబస్సు డిపో దాటదు. మందుల షాపుల్లాంటి కొద్ది మినహాయింపులు పోగా పెద్ద దుకాణమేదీ తలుపు తీయకూడదు. 2004లో చేసిన చట్టం ప్రకారం ఇంగ్లండు, వేల్సుల్లో 280 చదరపు మీటర్లకు మించిన కొట్టు ఆ ఒక్కరోజు అమ్మకం సాగిస్తే నేరం. అదే తెల్లవారుజామున గుంటూరు వైపు ఏ క్రైస్తవ పేటకు వెళ్లినా, చర్చి మైకులో పాట ఆగీ ఆగకముందే, వేపచెట్టు కింద అరిటాకుల మీద మాంసం పోగులు పడుతుంటాయి. పండగ ఒకటే, తేదీ ఒకటే. అక్కడ ఆ రోజు కొనే వీల్లేదు, ఇక్కడ ఆ రోజు కొంటేనే పండగ.

క్రిస్మస్‌కు తిండి సరుకులు ఎప్పుడు తెచ్చుకోవాలన్న ప్రశ్న ఇంగ్లండు ఇళ్లలో నవంబరు నుంచే నలుగుతూ ఉంటుంది. మరీ ముందు తెస్తే పాడైపోతాయి, మరీ ఆలస్యం చేస్తే అరలు ఖాళీ అయిపోతాయి. మనకు అదొక ప్రశ్నగానే తోచదు. పిండివంటల సరుకు వారం పదిరోజుల ముందు, కూరగాయలు ముందురోజు సాయంత్రం, మాంసం తెల్లారగట్ల. ఇందులో ఆలోచించేదేముంది అంటాం. రెండు వంటిళ్ల మీదా మక్కువ ఉన్నవాణ్ని గనక, ఈ ఆందోళననూ ఆ నిశ్చింతనూ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. ఏది మేలని తేల్చడం నా పని కాదు. ఒకరికి ప్రశ్న అయినది ఇంకొకరికి ఎందుకు కాలేదన్నదే నాకు ఆసక్తి.

ఇంగ్లండు లెక్క ముందుగా మొదలవుతుంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. ఆంగ్లికన్ పంచాంగంలో అడ్వెంటుకు, అంటే క్రిస్మస్‌కు సిద్ధపడే వారాలకు, ముందొచ్చే చివరి ఆదివారం నవంబరు 20కీ 26కీ మధ్య పడుతుంది. 1549 నాటి ప్రార్థన పుస్తకం నుంచీ ఆ వారానికి చెల్లిన ప్రార్థన మొదటి మాటకు ఇంగ్లీషులో 'కదిలించు' అనీ 'కలియబెట్టు' అనీ రెండర్థాలు వస్తాయి. గుడిలో దేవుణ్ని మనసులు కదిలించమని వేడుకుని, ఇంటికొచ్చి పుడ్డింగు పిండి కలియబెట్టడం అక్కడ ఆచారమైంది. ఆ ఆదివారానికి పేరే 'స్టిర్ అప్ సండే'. ఎండుద్రాక్ష, ఎండు నారింజ తొక్క, గొడ్డుకొవ్వు, రొట్టెపొడి, గుడ్లు, జాజికాయ, బ్రాందీ. క్రీస్తుకూ పన్నెండుమంది శిష్యులకూ గుర్తుగా పదమూడు దినుసులు పడాలంటారు. తూర్పు జ్ఞానుల ప్రయాణానికి గుర్తుగా గరిటె తూర్పు నుంచి పడమరకు తిరగాలంటారు. ఇంట్లో పసివాడితో సహా ప్రతివాళ్లూ ఒకసారి తిప్పి మనసులో ఏదో కోరుకుంటారు. పిండిలో ఒక వెండి నాణెం వేస్తారు, అది ఎవరి పళ్లెంలో పడితే వాళ్లది అదృష్టం. తర్వాత గంటల తరబడి ఆవిరి మీద ఉడికించి, గుడ్డ చుట్టి చల్లనిచోట పెట్టేస్తారు. అలా ఐదు వారాలు. పండగనాడు మళ్లీ ఆవిరి పట్టి వడ్డిస్తారు. దానికి ప్లమ్ పుడ్డింగు అని పేరు గానీ అందులో ప్లమ్ పండు ఉండదు. పాత ఇంగ్లీషు వాడుకలో ఆ మాటకు ఎండుద్రాక్ష అని అర్థం.

మన వైపు ఇంత ముందు నుంచి ఎదురుచూసే వంట లేదు. ఉన్నంతలో దగ్గరి చుట్టం అరిసె. ఆ సంగతి తెలుగువాళ్లకు నేను చెప్పేదేముంది? బియ్యం నానాలి, నీళ్లు ఓడ్చాలి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. బెల్లం పాకం నీళ్ల పళ్లెంలో చుక్క వేసి చూస్తే ఉండ కట్టి మెత్తగా వేలికి అందాలి. ఒక్క నిమిషం ముదిరితే అరిసె గట్టి, ఒక్క నిమిషం తగ్గితే నూనెలో విడిపోతుంది. నూనెలోంచి తీయగానే రెండు చెక్కల మధ్య పెట్టి అదిమేటప్పుడు అయిదారు చేతులు కావాలి. ఇరుగమ్మా పొరుగమ్మా రావాల్సిందే. కాబట్టి అరిసెల సరుకు ఎప్పుడు తేవాలన్నది బజారును బట్టి కాదు, ఆ నలుగురు ఆడవాళ్లకు ఏ రోజు తీరిక దొరుకుతుందో దాన్ని బట్టి తేలుతుంది. పుడ్డింగు గరిటె ఇంట్లోవాళ్లందరి చేతా తిప్పించుకున్నట్టే, అరిసెల చెక్క కూడా నలుగురి చేతుల మీదుగానే నడుస్తుంది.

అయితే కాలంతో ఈ రెండింటికీ ఉన్న లావాదేవీ వేరు. పుడ్డింగుకు ఆలస్యమే రుచి. ద్రాక్షలో బ్రాందీ ఇంకి, దినుసులు ఒకదాని వాసన ఒకటి పట్టుకోవాలంటే వారాలు కావాలి. నిన్న చేసిన పుడ్డింగును ఇవాళ పెడితే తినేవాడు మొహమాటానికి తింటాడు. అరిసె మాత్రం నిలవ ఉంటుందే తప్ప నిలవతో రుచి పెరగదు. నూనె వాసన ఇంకా పోని మొదటి మూడురోజులే దాని రాజ్యం, తర్వాత అది డబ్బాలో ఓపిగ్గా కూర్చునే చుట్టం. అందుకే ఇంగ్లండు ఇల్లాలు ఐదు వారాలు వెనక్కి లెక్కపెట్టుకుంటే, మన ఇల్లాలు వారం పదిరోజులతో సరిపెట్టుకుంటుంది. ఇద్దరూ బజారుకు వెళ్లే ముందు వంటనే అడుగుతారు, వంటలే వేర్వేరు జవాబులిస్తాయి.

ఇంకొంచెం లోతుకు వెళ్తే ఈ రెండు లెక్కల కిందా ఒకే పొలం కనిపిస్తుంది. డేనియల్ డిఫో 1720లలో రాసిన బ్రిటన్ యాత్రా గ్రంథంలో సఫోక్, నార్ఫోక్ జిల్లాల నుంచి లండన్‌కు టర్కీకోళ్లనూ బాతులనూ నడిపించుకుపోయే మందల సంగతి ఉంది. ఒక్కో మందలో మూడు వందల నుంచి వెయ్యి దాకా పక్షులు. స్టౌర్ నది మీది ఒక్క వంతెన దాటిన టర్కీలే ఒక కాలంలో లక్షన్నర ఉంటాయని ఆయన అంచనా కట్టాడు. బాతుల మందలు ఆగస్టులో బయల్దేరేవట. ఆగస్టే ఎందుకు? అప్పటికి కోతలు ముగుస్తాయి, దారి పొడవునా కోసిన మళ్లలో రాలిన గింజ ఉంటుంది, ఆ గింజ తింటూ మంద పట్నం చేరుతుంది. అక్టోబరు దాటితే బాటలు బురదై నడక సాగదు. చలికాలపు విందుకు బాతు ఎప్పుడు బయల్దేరాలో కొడవలి నిర్ణయించేది.

అదే తీరుగా కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా వరి నవంబరు, డిసెంబరుల్లో కోతకొస్తుంది. కొత్త బియ్యం, అనకాపల్లి వైపు నుంచి కొత్త బెల్లం ఆ రోజుల్లోనే బజారుకు దిగుతాయి. తెలుగు క్రైస్తవుల్లో చాలామంది తరతరాలుగా వ్యవసాయ కూలీలైన దళితులు. కోత కూలి, నూర్పిళ్ల గింజలు చేతికొచ్చేదీ అప్పుడే. పాలస్తీనాలో పుట్టిన బాలుడి పండగను యూరపువాళ్లు చలికాలపు నడిమధ్య నిలిపితే, అది నేరుగా వచ్చి మన కోతకాలపు కూలి డబ్బుల మీద వాలింది. ఎవరూ పనిగట్టుకుని కుదిర్చిన ముహూర్తం కాదు గానీ కుదిర్చినా ఇంతకన్నా బాగా కుదరదు. ఇంగ్లండులో పంట ఇంటికి చేరి మూడు నెలలు గడిచాక, నిలవ చేసుకున్నదాన్ని విప్పుకుని తినే పండగ ఇది. ఇక్కడ మాత్రం గింజ ఇంటికొస్తున్న వారాల్లోనే తినే పండగ. వాళ్ల పుడ్డింగులో పడేవన్నీ ఎండబెట్టినవీ ఊరబెట్టినవీ కావడం, మన అరిసెలోకి తడి ఆరని పిండి కావాల్సిరావడం నాకు ఇక్కడే అర్థమయ్యాయి.

సరుకు కొనే రోజు ఒకటైతే, దానికి డబ్బు కూడబెట్టడం మొదలయ్యే రోజు ఇంకొకటి. విక్టోరియా కాలపు లండన్ కార్మికులు సారా అంగడిలోనే వారం వారం కొన్ని పెన్నీలు కట్టి, క్రిస్మస్ నాటికి బాతు అందుకునేవారు. దానికి గూస్ క్లబ్బని పేరు. షెర్లాక్ హోమ్స్ అభిమానులకు ఇది కొత్త కాదు. 1892లో అచ్చైన నీలమణి కథలో, దొంగిలించిన మణి ఒక బాతు కడుపులో ప్రత్యక్షమవుతుంది. ఆ బాతు బ్రిటిష్ మ్యూజియం దగ్గరి ఆల్ఫా ఇన్ గూస్ క్లబ్బుది. డిటెక్టివు కథ పగ్గం పట్టుకుని వెళ్తే పేదవాడి పొదుపు దగ్గర తేలుతాం. మన ఊళ్ల పండగ చీటీ దీనికి తోబుట్టువే. నెలకింత అని కిరాణా కొట్లోనో చీటీ నడిపే ఆవిడ దగ్గరో కట్టుకుంటూ పోతే, పండగ ముందు నూనె డబ్బా, పప్పులు, బెల్లం, ఒక్కోచోట ఒక స్టీలు బిందె కూడా చేతిలో పెడతారు. చీటీ ఎత్తేసి ఊరొదిలినవాళ్ల కథలు మనకు కొల్లలు. అలాగే 2006 అక్టోబరులో బ్రిటన్‌లో క్రిస్మస్ పొదుపు నడిపే పెద్ద సంస్థ ఒకటి కూలిపోయి, లక్షమందికి పైగా జనం ఏడాదంతా కూడబెట్టుకున్న సొమ్ము పండగ ముందు గల్లంతైంది. డిసెంబరు సరుకు జనవరి నుంచే కొనడం మొదలుపెట్టేవాడు పేదవాడు. ముందుచూపు విషయంలో ఏ దేశమైనా అతనికి పాఠం చెప్పనక్కర్లేదు. నష్టం కూడా ముందుగా అతనికే.

ఇంత పోలిక ఉన్నా ఒక వింత మిగులుతుంది. ప్రార్థన సముద్రం దాటి వచ్చింది, పుడ్డింగు రాలేదు. మచిలీపట్నానికి 1841లో ఇంగ్లండు మిషనరీలు వచ్చారు. కానీ గుంటూరుకు 1842లో వచ్చిన హేయర్ అమెరికా లూథరన్లు పంపిన జర్మన్, ఒంగోలులో క్లవ్ దొర అమెరికన్ బాప్టిస్టు. సువార్త తెచ్చినవాళ్ల వంటిళ్లే మూడు రకాలు. వినేవాళ్ల వంటిల్లు మాత్రం ఒకటే, దానికి పండగంటే అరిసెలు, కజ్జికాయలు, జంతికలు, గారెలు, కోడికూర. కేకు తర్వాత బేకరీ దారిన వచ్చి ఆ వరసలో చివర నిలబడింది. మొన్నమొన్న 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రేషన్ దుకాణాల్లో క్రిస్మస్ కానుక, సంక్రాంతి కానుక అని పంచినప్పుడు రెండు సంచుల్లోనూ దాదాపు అవే సరుకులు: పప్పులు, బెల్లం, నూనె, గోధుమపిండి, నెయ్యి. మూడు వారాల తేడాతో వచ్చే రెండు పండగలకూ వంటిల్లు ఒకటేనని ఇంతకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు?

ఇక పండగనాడు కొనే సంగతి. ఇది మన పద్ధతే అనుకుంటాం గానీ, ఇంగ్లండుకు ఒకప్పుడు ఇది బాగా తెలుసు. సాక్ష్యం డికెన్స్. 1843 డిసెంబరు 19న వెలువడిన 'ఎ క్రిస్మస్ కేరల్'లో, రాత్రికి రాత్రి మనసు మారిన పిసినారి స్క్రూజ్ పొద్దున్నే కిటికీ తెరిచి వీధిలో కుర్రాణ్ని పిలుస్తాడు. పక్క వీధి దాటాక ఉన్న కొట్లో వేలాడుతున్న పెద్ద టర్కీని కొనుక్కురమ్మని పంపుతాడు. అది క్రిస్మస్ రోజు. కొట్టు తెరిచే ఉంది, టర్కీ వచ్చింది, బండి కట్టించి మరీ దాన్ని తన గుమాస్తా క్రాచిట్ ఇంటికి పంపాడు. అదే కథలో ఆ క్రాచిట్ కుటుంబం ఇంట్లో పొయ్యి చాలక బాతును రొట్టెల బట్టీలో కాల్పించుకుంటుంది. ఆ బట్టీవాడికీ అది పనిరోజే. ఈ దృశ్యం మనకు పరాయిది కాదు. సికింద్రాబాదులో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇంట్లో కలిపిన కేకు పిండిని బేకరీకి పట్టుకెళ్లి బట్టీలో పెట్టించుకోవడం ఇప్పటికీ ఉంది. లండన్ మరిచిపోయింది సికింద్రాబాదులో బతికి ఉంది.

మరి లండన్ ఎందుకు మరిచింది? శీతల యంత్రాలు వచ్చాయి కాబట్టి అని సులువుగా చెప్పొచ్చు. నిజానికి ఫ్రీజరు ఆ లెక్కను ఇంకా చిక్కుపరిచింది. గడ్డకట్టిన టర్కీని ఫ్రిజ్‌లో కరిగించాలంటే కిలోకు పది పన్నెండు గంటలు పడుతుందని అక్కడి ఆహార భద్రతా సంస్థ చెబుతుంది. ఐదు కిలోల పక్షి అయితే అరవై గంటల దాకా. ఇరవై అయిదో తేదీ పొద్దున పొయ్యిలో పెట్టాలంటే ఇరవై రెండో తేదీ రాత్రికే బయటికి తీయాలి. డెల్టా పేటలో తెల్లారగట్ల కోసిన పొట్టేలుకు ఈ బీజగణితం అక్కర్లేదు. నేను తెనాలి దగ్గర చూసిన ఒక పోగుల పంపకం ఇంకా కళ్ల ముందుంది. మెత్తన, ఎముక, కార్జం, కొవ్వు, అన్ని పోగుల్లోనూ అన్నీ పడ్డాయా లేదా అని నలుగురు పెద్దవాళ్లు చూశారు. ఒక కుర్రాణ్ని పోగులకు వీపు తిప్పి నిలబెట్టారు. వెనక నుంచి ఒకాయన పోగు మీద చేయి పెట్టి "ఇదెవరికిరా?" అంటాడు. వాడు చూడకుండానే "మరియమ్మత్తకు" అంటాడు. "మరి ఇది?" "పెదనాన్నకు." పేచీకి తావే లేదు. లండన్ స్మిత్‌ఫీల్డ్ మార్కెట్లో డిసెంబరు 24 పొద్దున మిగిలిన మాంసాన్ని వేలం వేసే ఆనవాయితీ ఉంది. జనం నోట్లు గాల్లో ఊపుతూ ఎగబడతారు. ఆ కోలాహలమూ నాకు ఇష్టమే. అక్కడ చివరి నిమిషపు మాంసం అరిచినవాడిది, ఇక్కడ చూడనివాడి నోట పేరు వచ్చినవాడిది.

అసలు తేడా ఫ్రీజరులో లేదు, అమ్మేవాడిలో ఉంది. ఇంగ్లండులో క్రిస్మస్ అందరి పండగైపోయింది, గుడికి వెళ్లని వాళ్లది కూడా. అందరిదీ అయినప్పుడు అమ్మేవాడూ తన ఇంట్లో బల్ల ముందు కూర్చోవాలి, బస్సు నడిపేవాడూ కూర్చోవాలి. కాబట్టి కొనేది ఏదైనా ముందే కొనాలి, అందరూ ఒకేసారి కొనాలి, అందుకే ఆ వరుసలూ ఆ ఆందోళనా. మన దగ్గర అది కొందరి పండగ. పొట్టేలు కోసే సాయిబుకు అది మామూలు రోజు. కిరాణా కొట్టు శెట్టిగారికి మామూలు రోజు. వీధిలో సగం మంది అయ్యప్ప మాలలో ఉండి మాంసం వైపు చూడని రోజులవి. పండగ లేనివాడు తెరిచిన కొట్టు మీద ఆనుకుని పండగ చేసుకునేవాడు నిశ్చింతగా ఉంటాడు. మన నిశ్చింత మన తెలివి కాదు, పక్కవాడి చలవ.

అనుమానముంటే సంక్రాంతిని చూడండి. భోగి నాటి సాయంత్రం మీ ఊరి బజారులో నువ్వులు మరిచిపోయి వెతుక్కున్నారా ఎప్పుడైనా? అందరి పండగ రాగానే మనమూ అచ్చంగా ఇంగ్లీషువాళ్లమే. వారం ముందే బస్సు టికెట్లకు ఎగబడతాం, పిండిమర దగ్గర వరుస కడతాం, సరుకు అందదేమోనని రెట్టింపు కొంటాం.

ఇంగ్లండులో కూడా, లోతుగా చూస్తే, కొందరి చలవ లేకుండా పండగ గడవదు. కొన్నేళ్ల కిందట డిసెంబరులో లెస్టర్‌లో మా అన్నయ్య కూతురింట్లో ఉన్నాను. నెల ముందు నుంచి చీటీలు రాసుకుని అన్నీ తెచ్చుకుంది. ఆఫీసు స్నేహితులు టీకి వస్తారనగా, పండగ మధ్యాహ్నం ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "పాలు అయిపోయాయి బాబాయ్. ఇవాళ ఒక్క కొట్టూ ఉండదు." ఇద్దరం మంచులో బయల్దేరాం. వీధి చివర చిన్న కొట్లో దీపం వెలుగుతోంది. చట్టం చెప్పిన 280 చదరపు మీటర్లలో పదో వంతు కూడా ఉండదు. లోపల కౌంటరు వెనక ఒక గుజరాతీ పెద్దాయన. మా ముందు ముగ్గురు తెల్లవాళ్లు నిలబడ్డారు: ఒకరికి పిల్లవాడి బొమ్మలోకి బ్యాటరీలు, ఒకరికి వెన్న, ఒకరికి ఉల్లిపాయలు. ఇవాళ కూడా తెరిచారే అన్నాను హిందీలో. మా పండగ నవంబరులోనే అయిపోయిందిగా అని నవ్వి పాల డబ్బా ముందుకు తోశాడాయన.

అప్పుడు నాకు తెనాలిలో మా పక్కింటి సువార్తమ్మ పిన్ని గుర్తొచ్చింది. క్రిస్మస్ ముందురోజు ఆవిడ పంపిన స్టీలు గిన్నెలో పదో పన్నెండో అరిసెలు ఉండేవి. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, మా అమ్మ దాన్ని కడిగి అల్మారాలో పెట్టి, మూడు వారాలు ఆగి, భోగినాడు మా అరిసెలతో నింపి పంపేది. ఆ రోజు ఊళ్లో కొట్లన్నీ మూసి ఉండేవి. నెయ్యి చాలకపోతే, నువ్వులు తక్కువైతే, నన్ను ఎక్కడికి పంపాలో అమ్మకు తెలుసు. పిన్ని వంటింట్లో ఆ రోజు మామూలు రోజే, డబ్బా మూత తీసే తీరిక ఆవిడకు ఉండేది.